డ్రాప్ టేబుల్ అన్నాక అసలేం జరుగుతుంది?

నా చేతుల మీదుగా పోయిన మొదటి టేబుల్‌ను తీసేయమని నేనెక్కడా రాయలేదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నుంచి తీసిన ఒక డంప్ ఫైల్‌ను (డేటా నకలును) టెస్ట్ సర్వర్‌లోకి ఎక్కిస్తున్నాను. పాత డేటా వచ్చి ఉన్న డేటాలో కలుస్తుందనుకున్నాను. పనయ్యాక చూస్తే, తోటివాళ్లు రెండు రోజులుగా పరీక్షల కోసం కూర్చుకున్న వరుసలన్నీ పోయాయి. ఫైల్ తెరిచి చదివితే విషయం తెలిసింది. ప్రతి టేబుల్‌నూ సృష్టించే వాక్యానికి ముందు "డ్రాప్ టేబుల్ ఇఫ్ ఎగ్జిస్ట్స్" అని ఉంది. ఆ ఫైల్‌ను తయారుచేసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆ వాక్యాన్ని మనం అడగకపోయినా చేరుస్తుంది, వద్దనుకుంటే మనమే చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాళ్ల పీజీడంప్ అలా కాదు, "క్లీన్" అని అడిగితేనే చేరుస్తుంది.

టేబుల్ తీసేయడం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆజ్ఞలిచ్చే భాష) పాఠాల్లో ఒక్క పంక్తిలో అయిపోతుంది. "డ్రాప్ టేబుల్ స్టూడెంట్స్;" అని రాసి ఎంటర్ నొక్కితే చాలు. కానీ ఆ పంక్తితో పాటు ఇంకా ఏమేం పోతాయి, వెనక్కి తీసుకునే వీలుందా, డిస్కులో జాగా ఖాళీ అవుతుందా, ఆ కాసేపు మిగతావాళ్ల పని ఆగిపోతుందా అని అడిగితే పోస్ట్‌గ్రెస్ ఒక జవాబు చెబుతుంది, మైఎస్‌క్యూఎల్ మరొకటి చెబుతుంది, ఒరాకిల్ ఇంకొకటి. ఒక డేటాబేస్ మీద ఏళ్ల తరబడి పనిచేసి చేయి తిరిగినవాళ్లు కూడా ఇంకోదానికి మారినప్పుడు దెబ్బతినేది ఇక్కడే.

ఈ తేడాలు ఊరికే రాలేదు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో, డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో దానికోసం ఒక భాషను రూపొందించారు. ఆ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. 1986లో దానికి తొలి ప్రమాణం వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రమాణంలో టేబుల్‌ను సృష్టించే వాక్యం ఉంది గానీ తీసేసే వాక్యం లేదు. అది 1992 ప్రమాణంలో గానీ చేరలేదు. టేబుల్‌ను ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్ అయితే 2008 దాకా ఆగింది. ఈలోగా డేటాబేస్ తయారీదారులు ఎవరికి తోచిన పద్ధతి వాళ్లు అమలు చేసేశారు. ప్రమాణం వచ్చేసరికి వాటిమీద లక్షల ప్రోగ్రాములు నడుస్తున్నాయి, ఇక మార్చే వీల్లేదు.

ఖాళీ చేయడం వేరు, తీసేయడం వేరు

ముందుగా మూడు మాటలను విడదీసుకోవాలి. డిలీట్ వరుసలను తీస్తుంది, టేబుల్ అలాగే ఉంటుంది. "వేర్" షరతు పెడితే ఆ షరతుకు తగిలిన వరుసలే పోతాయి, పెట్టకపోతే అన్నీ పోతాయి. ఒక్కో వరుసనూ ముట్టుకుంటుంది, ఒక్కోదాన్నీ లాగ్‌లో (మార్పుల చిట్టాలో) రాస్తుంది, ట్రిగ్గర్లుంటే (మార్పు జరిగినప్పుడు వాటంతటవే నడిచే కోడ్) వాటిని నడుపుతుంది. అందుకే కోట్ల వరుసలున్న టేబుల్ మీద షరతు లేని డిలీట్ గంటలు పడుతుంది. ఇంత చేసినా ఫైల్ సైజు తగ్గదు. పోస్ట్‌గ్రెస్ ఆ వరుసలను చనిపోయినవిగా గుర్తు పెడుతుంది అంతే. వ్యాక్యూమ్ అనే శుభ్రం చేసే పని వచ్చి ఆ జాగాను కొత్త వరుసలకు పనికొచ్చేలా చేస్తుంది. డిస్కు నిండిపోతోందని హడావిడిగా డిలీట్ కొట్టి, ఒక్క జీబీ కూడా ఖాళీ కాక కంగారు పడేవాళ్లను చాలామందిని చూశాను. పైగా ఆ డిలీట్ రాసిన లాగ్ వల్ల డిస్కు ఇంకాస్త నిండుతుంది.

ట్రంకేట్ వరుసల వైపు చూడదు. టేబుల్‌కు కేటాయించిన పేజీలన్నిటినీ ఒక్కసారిగా వదిలేస్తుంది. అందుకే అది వేగం. షరతు పెట్టే వీల్లేదు, డిలీట్ ట్రిగ్గర్లు నడవవు. వేరే టేబుల్ ఏదైనా ఫారిన్ కీతో (ఇంకో టేబుల్ వరుసను చూపించే కాలమ్‌తో) దీన్ని చూపిస్తుంటే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడూ ట్రంకేట్‌ను తిరస్కరిస్తాయి. తనంతట తాను పెరిగే క్రమసంఖ్య మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మళ్లీ మొదటికి వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం "రీస్టార్ట్ ఐడెంటిటీ" అని అడగకపోతే ఆగినచోటు నుంచే కొనసాగుతుంది.

ఇక్కడ ఒక ఇంటర్వ్యూ జవాబు గురించి చెప్పాలి. "డిలీట్‌ను రోల్‌బ్యాక్ చేయొచ్చు (వెనక్కి తీసుకోవచ్చు), ట్రంకేట్‌ను, డ్రాప్‌ను చేయలేం" అని దాదాపు ప్రతి ప్రశ్నల జాబితాలోనూ ఉంటుంది. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ వరకు అది నిజం. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఖాయం చేసే లేదా రద్దు చేసే మార్పుల కట్ట) తెరిచి ఉన్నంతసేపూ మూడింటినీ వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ఆ ప్రశ్నకు సరైన జవాబు "ఏ డేటాబేస్‌లో?" అన్న ఎదురు ప్రశ్నతోనే మొదలవ్వాలి.

ఇక డ్రాప్. అది వరుసలతో పాటు టేబుల్ రూపాన్నీ తీసేస్తుంది. కాలమ్‌ల పేర్లు, వాటి రకాలు, ఇండెక్సులు (వెతుకులాటను వేగం చేసే జాబితాలు), ట్రిగ్గర్లు, ఆ టేబుల్ మీద పెట్టిన నిబంధనలు అన్నీ పోతాయి. మరి ఈ రూపం ఎక్కడ రాసి ఉంటుంది? ఇంకొన్ని టేబుళ్లలోనే. డేటాబేస్ తన గురించి తాను చెప్పుకునే వివరాలు కూడా మామూలు టేబుళ్లలా ఉండాలని, మామూలు క్వెరీలతోనే చదవగలగాలని కాడ్ 1985లో రాసిన నియమాల్లో ఒకటి చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌ దీనికి మంచి ఉదాహరణ. మన టేబుల్‌కు "పీజీ క్లాస్" అనే వ్యవస్థ టేబుల్‌లో ఒక వరుస ఉంటుంది. ప్రతి కాలమ్‌కూ "పీజీ అట్రిబ్యూట్"లో ఒక వరుస ఉంటుంది. ఎవరు ఎవరిమీద ఆధారపడ్డారో "పీజీ డిపెండ్"లో రాసి ఉంటుంది. అసలు డేటా మాత్రం డిస్కు మీద ఒక్కో జీబీ చొప్పున ముక్కలు చేసిన ఫైళ్లలో ఉంటుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలా చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి. డ్రాప్ అంటే ఆ వ్యవస్థ టేబుళ్లలోంచి కొన్ని వరుసలు తీసేయడం, ఆపైన ఫైళ్లను తొలగించమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం. మన వరుసల జోలికి అసలు పోదు. రెండు వందల జీబీల టేబుల్ క్షణాల్లో పోవడానికి కారణం ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్‌ను వెనక్కి తీసుకోగలగడానికీ కారణం ఇదే. వ్యవస్థ టేబుళ్లలోని వరుసలు కూడా మామూలు వరుసల్లాగే ట్రాన్సాక్షన్‌కు కట్టుబడి ఉంటాయి, ఫైళ్ల జోలికి కమిట్ అయ్యాకే (మార్పులు ఖాయమయ్యాకే) వెళుతుంది.

అనుమతులు ఎక్కడ రాసి ఉంటాయన్న చిన్న తేడా కూడా ఇక్కడ పనికొస్తుంది. పోస్ట్‌గ్రెస్ వాటిని టేబుల్ వరుసలోనే దాస్తుంది, అందుకే డ్రాప్‌తో అవీ పోతాయి. అదే పేరుతో మళ్లీ సృష్టించి "అంతా మామూలే" అనుకున్న పది నిమిషాలకు అప్లికేషన్ "అనుమతి లేదు" అంటూ ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. టేబుల్ మీద ప్రత్యేకంగా ఇచ్చిన అనుమతులు టేబుల్ పోయినా ఉండిపోతాయి. రేపు అదే పేరుతో ఎవరో వేరే టేబుల్ సృష్టిస్తే, పాత మనుషులకు దానిమీద హక్కు వచ్చేస్తుంది.

క్యాస్కేడ్ అంటే మీరనుకునేది కాకపోవచ్చు

రెండు టేబుళ్లు తీసుకుందాం. "స్టూడెంట్స్"లో విద్యార్థులు, "మార్క్స్"లో వాళ్ల మార్కులు. మార్కుల టేబుల్‌లోని విద్యార్థి నంబరు ఫారిన్ కీగా స్టూడెంట్స్‌ను చూపిస్తుంది. రెండింటినీ కలిపి ఫలితాలు చూపే ఒక వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) కూడా ఉంది. ఇప్పుడు స్టూడెంట్స్‌ను డ్రాప్ చేస్తే ఏమవ్వాలి?

ప్రమాణం ప్రకారం ఆ వాక్యం చివర రెండు మాటల్లో ఒకటి చెప్పాలి. "రెస్ట్రిక్ట్" అంటే ఎవరైనా ఆధారపడి ఉంటే ఆగిపో. "క్యాస్కేడ్" అంటే ఆధారపడ్డవాటినీ తీసేయ్. పోస్ట్‌గ్రెస్‌లో ఏమీ చెప్పకపోతే రెస్ట్రిక్ట్ అన్నట్టే. కమాండ్ ఆగిపోయి, ఏ వ్యూ, ఏ నిబంధన అడ్డుపడ్డాయో పేర్లతో సహా చెబుతుంది, "క్యాస్కేడ్ వాడండి" అని ఒక సూచన కూడా ఇస్తుంది. ఆ సూచనను చూసిన వెంటనే పాటించకండి. ముందు పైనున్న జాబితా చదవండి.

క్యాస్కేడ్ పెట్టి డ్రాప్ చేస్తే మార్క్స్ టేబుల్ కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఫలితాల వ్యూ పోతుంది, దానిమీద కట్టిన ఇతర వ్యూలు పోతాయి. మార్క్స్ టేబుల్‌కు మాత్రం ఫారిన్ కీ నిబంధన ఒక్కటే పోతుంది. వరుసలు, నంబర్లు అన్నీ భద్రంగా ఉంటాయి, కానీ ఆ నంబర్లు ఎవరివో చెప్పే టేబుల్ లేదు. ఈ అపోహకు మూలం "ఆన్ డిలీట్ క్యాస్కేడ్" అనే ఇంకో ఏర్పాటు. ఫారిన్ కీ రాసేటప్పుడు పెట్టే ఆ మాట వరుసలకు సంబంధించినది, ఒక విద్యార్థి వరుస పోతే అతని మార్కుల వరుసలూ పోవాలని దాని అర్థం. డ్రాప్ చివర వచ్చే క్యాస్కేడ్ వస్తువులకు సంబంధించినది. మాట ఒకటే అయినా పని వేరు.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ రెండు మాటలనూ డ్రాప్ చివర రాయొచ్చు, తప్పు అనదు. కానీ వాటితో ఏమీ చేయదు. వేరే చోట నుంచి వచ్చిన వాక్యాలు ఆగిపోకుండా ఉండటానికి మాత్రమే వాటిని ఒప్పుకుంటుంది. ఫారిన్ కీ చూపిస్తున్న టేబుల్‌ను తీయబోతే ఆపుతుంది. అప్పుడు చాలామంది చేసే పని "ఫారిన్ కీ చెక్స్"ను సున్నా చేయడం. అది పనిచేస్తుంది, మార్కులు అనాథలుగా మిగులుతాయి. ఇక వ్యూల సంగతి చూస్తే, మైఎస్‌క్యూఎల్ వాటికోసం ఆగదు. టేబుల్ పోయినా వ్యూ పేరు అలాగే ఉండి, రేపు ఎవరో దాన్ని తెరిచినప్పుడు తప్పు బయటపడుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో క్యాస్కేడ్ అన్న మాటే లేదు. ముందు మార్క్స్ మీది ఫారిన్ కీని మనమే తీయాలి, ఆ తర్వాతే స్టూడెంట్స్ కదులుతుంది. వ్యూలను పట్టించుకోదు, "స్కీమాబైండింగ్"తో టేబుల్‌కు కట్టేసి రాసిన వ్యూ అయితేనే అడ్డుపడుతుంది. ఒరాకిల్‌లో "క్యాస్కేడ్ కన్‌స్ట్రెయింట్స్" అని పూర్తిగా రాయాలి. ఆ పేరు నాకు నచ్చుతుంది, ఎందుకంటే పోయేవి నిబంధనలేనని అక్కడే తెలుస్తుంది. వ్యూలు పోవు, చెల్లనివిగా మారతాయి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఎస్‌క్యూలైట్ దగ్గర. ఫోన్లలోని అప్లికేషన్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఫారిన్ కీల తనిఖీ ఇందులో మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేసి టేబుల్‌ను డ్రాప్ చేస్తే, ముందు ఆ టేబుల్‌లోని వరుసలన్నిటినీ లోలోపల డిలీట్ చేసి, ఆ తర్వాతే టేబుల్‌ను తీస్తుంది. అంటే మార్క్స్ ఫారిన్ కీలో "ఆన్ డిలీట్ క్యాస్కేడ్" ఉంటే, స్టూడెంట్స్‌ను డ్రాప్ చేయగానే మార్కుల వరుసలన్నీ కూడా పోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క మార్కు కూడా పోని చోట, ఇక్కడ అన్నీ పోతాయి. అవే టేబుళ్లు, అదే వాక్యం.

ఇవన్నీ డేటాబేస్ కంటికి కనిపించే సంబంధాలు. కనిపించనివి కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ అనే భాషలో రాసిన ఫంక్షన్ లోపలి భాగం దానికి కేవలం ఒక అక్షరాల వరుస. అందులో మన టేబుల్ పేరున్నా "పీజీ డిపెండ్"లో నమోదు కాదు. రెస్ట్రిక్ట్ కూడా ఏ అడ్డూ చెప్పదు, టేబుల్ పోతుంది. ఆ ఫంక్షన్‌ను తర్వాత ఎవరు పిలిస్తే వాళ్లకు తప్పు వస్తుంది. అప్లికేషన్ కోడ్‌లో, రాత్రిపూట నడిచే పనుల్లో, ఎవరి కంప్యూటర్‌లోనో ఉన్న స్ప్రెడ్‌షీట్ కనెక్షన్‌లో దాగిన పేర్ల సంగతి ఏ డేటాబేస్‌కూ తెలియదు. "అడ్డం రాలేదు కదా" అన్నది "ఎవరూ వాడట్లేదు" అన్నదానికి రుజువు కాదు.

వెనక్కి తీసుకునే దారి, దాని ఖరీదు

పోస్ట్‌గ్రెస్‌లో నేను తరచూ చేసే పని ఒకటుంది. "బిగిన్" అని ట్రాన్సాక్షన్ తెరిచి, క్యాస్కేడ్‌తో డ్రాప్ చేస్తాను. ఏమేం పోయాయో అది చెప్పిన జాబితా చదివి, "రోల్‌బ్యాక్" అంటాను. ఏమీ పోదు, పోబోయేవన్నీ కళ్ల ముందుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ, ఎస్‌క్యూలైట్‌లోనూ డ్రాప్‌ను ఇలా వెనక్కి తీసుకోవచ్చు. ఈ అలవాటును మైఎస్‌క్యూఎల్‌లోకి, ఒరాకిల్‌లోకి తీసుకెళ్తే కొంప మునుగుతుంది. అక్కడ డ్రాప్ అనగానే కమిట్ జరిగిపోతుంది. డ్రాప్ ఒక్కటే కాదు, అదే ట్రాన్సాక్షన్‌లో అంతకుముందు చేసిన మార్పులన్నీ ఖాయమైపోతాయి.

2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 "అటామిక్ డీడీఎల్" (డీడీఎల్ అంటే టేబుళ్లను సృష్టించే, తీసేసే వాక్యాలు) తెచ్చిందని విని, ఇక రోల్‌బ్యాక్ వచ్చేసిందని సంబరపడ్డవాళ్లున్నారు. అది వేరే మేలు. అంతకుముందు "డ్రాప్ టేబుల్ ఏ, బీ" అన్నప్పుడు బీ లేకపోతే తప్పు చూపిస్తూనే ఏను తీసేసేది. 8.0లో అయితే పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. మధ్యలో కరెంటు పోయినా సగం తీసిన టేబుల్ మిగలదు. జరిగాక వెనక్కి తీసుకోవడం మాత్రం ఇప్పటికీ లేదు.

పోస్ట్‌గ్రెస్‌లో పైన చెప్పిన పరీక్షకు ఒక ఖరీదుంది, అది లాక్, అంటే టేబుల్‌కు తాత్కాలికంగా వేసే తాళం. డ్రాప్ ఆ టేబుల్ మీద అన్నిటికన్నా గట్టి లాక్ అడుగుతుంది. అది దక్కితే చదివేవాళ్లకు కూడా దారి ఉండదు. జాబితా తీరిగ్గా చదువుదామని ట్రాన్సాక్షన్‌ను తెరిచి ఉంచితే అంతసేపూ అందరూ ఆగాల్సిందే. లాక్ దక్కకపోయినా ప్రమాదమే. ఒక నివేదిక నలభై నిమిషాలుగా ఆ టేబుల్‌ను చదువుతోందనుకోండి. మన డ్రాప్ దాని వెనక వరుసలో నిలబడుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి చిన్న సెలెక్ట్ కూడా మన డ్రాప్ వెనకే నిలబడాలి. మనం ఇంకా ఏమీ తీయలేదు, అయినా అప్లికేషన్ స్తంభించిపోయింది. అందుకే డ్రాప్‌కు ముందు "లాక్ టైమౌట్"ను రెండు మూడు సెకన్లకు పెట్టాలి. ఆలోగా లాక్ దక్కకపోతే అదే తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు.

ఇంకో సంగతి చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరికీ అక్కర్లేని చిన్న టేబుల్‌ను తీసినా, దాని ఫారిన్ కీ ఒక పెద్ద టేబుల్‌ను చూపిస్తుంటే ఆ పెద్దదాని మీదా అదే గట్టి లాక్ పడుతుంది. మార్క్స్‌ను తీస్తే స్టూడెంట్స్ కూడా క్షణకాలం మూసుకుంటుంది. స్టూడెంట్స్ సెకనుకు వేల క్వెరీలు తీసుకునే టేబుల్ అయితే ఆ క్షణం తక్కువేమీ కాదు.

పేరు దగ్గర తప్పులు

టేబుల్ పేరు సరిగ్గా రాసినా వేరే టేబుల్ పోవచ్చు. స్కీమా (టేబుళ్లను ఉంచే అర) పేరు చెప్పకుండా "డ్రాప్ టేబుల్ స్టూడెంట్స్" అంటే, పోస్ట్‌గ్రెస్ వెతుకులాట క్రమంలో మొదట తగిలినదాన్ని తీస్తుంది. ఆ క్రమంలో తాత్కాలిక టేబుళ్లు అన్నిటికన్నా ముందుంటాయి. ఒక స్క్రిప్ట్ మొదట్లో "వర్క్" అనే తాత్కాలిక టేబుల్ మిగిలిపోయి ఉంటే తీసేద్దామని "డ్రాప్ టేబుల్ ఇఫ్ ఎగ్జిస్ట్స్ వర్క్" అని రాశారనుకుందాం. ఈ సెషన్‌లో తాత్కాలికమైనది లేదు. కానీ అదే పేరుతో అసలైన టేబుల్ ఒకటి స్కీమాలో ఉంది. స్క్రిప్ట్ దాన్ని తీసేసి ముందుకు సాగిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో "డ్రాప్ టెంపరరీ టేబుల్" అని రాసే వీలుంది. అలా రాస్తే తాత్కాలికమైనది తప్ప ఇంకేదీ పోదు. పోస్ట్‌గ్రెస్‌లో "పీజీ టెంప్" అని స్కీమా పేరు ముందు చేర్చి రాస్తే అదే రక్షణ దొరుకుతుంది.

"ఇఫ్ ఎగ్జిస్ట్స్" గురించి ఒక మాట. పోస్ట్‌గ్రెస్‌లోకి 2006లో 8.2 వెర్షన్‌తో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి 2016 వెర్షన్‌తో వచ్చింది. మళ్లీ మళ్లీ నడవాల్సిన స్క్రిప్టులకు అది కావాలి. చేత్తో టైప్ చేసేటప్పుడు మాత్రం దాన్ని వాడొద్దని నా గట్టి అభిప్రాయం. పేరులో ఒక అక్షరం తప్పు పడితే "అలాంటి టేబుల్ లేదు" అని ఆగి చెప్పాల్సిన డేటాబేస్, ఒక చిన్న గమనిక చూపించి విజయవంతం అంటుంది. తీశామనుకున్న టేబుల్ అక్కడే ఉంటుంది.

ఎవరు తీయగలరన్నది కూడా చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ చేసే హక్కును విడిగా ఇవ్వలేం. టేబుల్ యజమాని, స్కీమా యజమాని, సూపర్‌యూజర్ మాత్రమే తీయగలరు. మైఎస్‌క్యూఎల్‌లో డ్రాప్ అనే అనుమతి విడిగా ఉంది, ట్రంకేట్‌కూ అదే కావాలి. వెబ్‌సైట్ రోజూ వాడే యూజర్‌కు ఈ హక్కు ఉండటానికి ఏ కారణమూ లేదు. ఫారంలోంచి ఎవరైనా దొంగ ఎస్‌క్యూఎల్ చొప్పించినా, ఆ యూజర్‌కు లేని హక్కు వాళ్లకూ ఉండదు.

పోయాక

ఒరాకిల్‌లో 10జీ వెర్షన్ నుంచి రీసైకిల్ బిన్ ఉంది. డ్రాప్ చేసిన టేబుల్ నిజానికి పేరు మార్చుకుని అక్కడ కూర్చుంటుంది. "ఫ్లాష్‌బ్యాక్ టేబుల్ స్టూడెంట్స్ టు బిఫోర్ డ్రాప్" అంటే తిరిగి వస్తుంది. వచ్చాక రెండు పనులు మిగులుతాయి. ఇండెక్సులు బిన్‌లో పెట్టిన వింత పేర్లతోనే వస్తాయి, వాటికి పాత పేర్లు మనమే పెట్టాలి. ఫారిన్ కీలు అసలు రావు, మళ్లీ రాయాలి. జాగా ఇరుకైతే ఒరాకిల్ బిన్‌లోని పాతవాటిని తానే తీసేస్తుంది కాబట్టి దాన్ని బ్యాకప్‌గా నమ్మకూడదు. "పర్జ్" అని చేర్చి డ్రాప్ చేస్తే బిన్‌లోకి వెళ్లకుండా నేరుగా పోతుంది. క్లౌడ్ డేటాబేసుల్లో స్నోఫ్లేక్‌కు "అన్‌డ్రాప్ టేబుల్" అనే వాక్యమే ఉంది. మామూలుగా ఒక రోజు లోపు, ఎంటర్‌ప్రైజ్ స్థాయిలో 90 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో కమిట్ అయ్యాక ఇలాంటి దారి లేదు. బ్యాకప్‌ను ఇంకో సర్వర్‌లో ఎక్కించి, డ్రాప్ జరగడానికి క్షణం ముందు దాకా లాగ్‌ను నడిపి, అక్కడి నుంచి ఆ ఒక్క టేబుల్‌ను తెచ్చుకోవాలి. దీనికి పూర్తి బ్యాకప్‌తో పాటు ఆ తర్వాతి లాగ్‌లన్నీ దాచి ఉండాలి. డ్రాప్ ఏ సమయంలో జరిగిందో కూడా తెలియాలి, అందుకే అలాంటి కమాండ్లు ఎప్పుడు నడిచాయో ఎక్కడో ఒకచోట నమోదయ్యేలా చూసుకోవాలి.

"మాకు రెప్లికా ఉంది కదా" అనేవాళ్లుంటారు. రెప్లికా అంటే ప్రధాన సర్వర్‌ను అనుసరించే నకలు. ప్రధాన సర్వర్ చెడిపోతే అది కాపాడుతుంది, మనం చేసిన తప్పు నుంచి కాదు. డ్రాప్ రెప్లికాకు కూడా సెకన్లలో చేరుతుంది. కావాలంటే ఒక రెప్లికాను పనిగట్టుకుని గంటో రెండు గంటలో వెనకబడి ఉండేలా పెట్టుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో 5.6 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 9.4 నుంచి ఆ వీలుంది. తప్పు జరిగిన వెంటనే గుర్తించి దాన్ని ఆపితే టేబుల్ ఇంకా అక్కడ ఉంటుంది.

బ్యాకప్ ఉందనుకోవడానికీ, నిజంగా ఉండటానికీ మధ్య ఎంత దూరముందో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచే సేవలో జరిగింది చూస్తే తెలుస్తుంది. అక్కడ పోయింది ఒక టేబుల్ కాదు. రెండో సర్వర్‌లో ఖాళీ చేయాల్సిన పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన సర్వర్‌లో చెరిపేశారు. ఆపేసరికి దాదాపు 300 జీబీల్లో 4.5 జీబీలే మిగిలాయి. పీజీడంప్ బ్యాకప్‌లు ఉండాల్సిన చోట ఏమీ లేదు. సర్వర్ 9.6 వెర్షన్ అయితే, డంప్ తీసే ప్రోగ్రాం 9.2ది, అందుకే అది ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఉంది. ఆ ఆరు గంటల డేటా తప్ప మిగతాది దక్కింది. జరిగినదంతా దాచకుండా వాళ్లు బయటపెట్టడం వల్లే మిగతా ప్రపంచం దాన్నుంచి నేర్చుకోగలిగింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. డ్రాప్ చేశాం కాబట్టి ఆ సమాచారం లేదనుకోవడం తప్పు. ఫైల్‌ను తొలగించినా డిస్కు మీది అక్షరాలు ఇంకేదో వాటిమీద రాసేదాకా ఉంటాయి. ఎస్‌క్యూలైట్‌లో ఖాళీ అయిన పేజీలు అదే ఫైల్‌లో ఉండిపోతాయి, వ్యాక్యూమ్ నడిపితే తప్ప ఫైల్ చిన్నది కాదు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక్కో టేబుల్‌కు ఒక్కో ఫైల్ ఉండే పద్ధతి 5.6 నుంచి మామూలైంది. అంతకుముందు ఉమ్మడి ఫైల్‌లో సృష్టించిన టేబుల్ అయితే డ్రాప్ చేసినా ఆ జాగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి రాదు. పాత బ్యాకప్‌లలో టేబుల్ మొత్తం ఉండనే ఉంటుంది. ఒకరి వ్యక్తిగత వివరాలు తీసేశామని మాటిచ్చినప్పుడు ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నేను చేసే పద్ధతి

ఇప్పుడు నేను ఏ టేబుల్‌నూ నేరుగా డ్రాప్ చేయను. ముందు దాని పేరు మారుస్తాను, చివర తేదీ చేరుస్తాను. వాడేవాళ్లుంటే వాళ్ల ప్రోగ్రాం ఆగి, వాళ్లే వస్తారు. పేరు తిరిగి మార్చడానికి క్షణం చాలు. ఇందులోనూ ఒక కిటుకు తెలియాలి. మైఎస్‌క్యూఎల్‌లో వ్యూలు టేబుల్‌ను పేరుతో గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి పేరు మారగానే ఆగిపోతాయి, వాడకం బయటపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ టేబుల్‌ను లోపలి నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. పేరు మార్చినా వ్యూ నిక్షేపంగా నడుస్తుంది, దాని ద్వారా చదివేవాళ్లకు తేడా తెలియదు. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో పేరు మార్చడంతో పాటు ఆ టేబుల్‌ను ఎన్నిసార్లు చదివారో చెప్పే లెక్కలు కూడా చూస్తాను. 16వ వెర్షన్ నుంచి చివరిసారి ఎప్పుడు చదివారన్న సమయం కూడా కనిపిస్తుంది.

ఎంతకాలం ఆగాలన్నది టేబుల్‌ను బట్టి ఉంటుంది. లాగ్‌లు నింపే టేబుల్ అయితే వారం చాలు. నెలకోసారి నడిచే లెక్కలకు సంబంధించినదైతే కనీసం రెండు నెలాఖర్లు దాటాలి. సంవత్సరాంతపు నివేదికకు మాత్రమే పనికొచ్చే టేబుల్ పదకొండు నెలల పాటు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటుంది, చూడటానికి అచ్చం అక్కర్లేనిదానిలాగే ఉంటుంది. అలాంటి అనుమానం ఏ మాత్రం ఉన్నా, ఆ ఒక్క టేబుల్‌ను డంప్ తీస్తాను, ఆ డంప్‌ను వేరే సర్వర్‌లో ఎక్కించి వరుసలు లెక్కపెడతాను, రెండు లెక్కలూ సరిపోయాక ఫైల్‌ను భద్రం చేస్తాను. అప్పుడు లాక్ టైమౌట్ పెట్టి, స్కీమా పేరుతో సహా, క్యాస్కేడ్ లేకుండా, ఇఫ్ ఎగ్జిస్ట్స్ లేకుండా డ్రాప్ రాస్తాను.